దొడ్డి తలుపు, అర్ర తాళం

బండమీదిపల్లె, పాలమూరు జిల్లా
12 జూన్ 2024

పెద్ద సదువుల గోపాల్ సారుకు,

గొర్లోళ్ల సోమమ్మ దండాలు. మీరు, మీ ఇంటోళ్లు సల్లంగుండాలె. మర్యాద గింతవరకే. నేను మీ దగ్గర పీహెచ్‌డీ చేసే మనస్వినికి అవ్వనైత. నాకు అక్షరం రాదు, అంగన్‌వాడి యాదలక్ష్మి రాస్తాంది. తిట్లు జర తగ్గించు పెద్దమ్మా అంటాంది. నోరు నాది, నీకేం ఫికర్, రాయి అన్న. ఇగ మీరు అనుడు నాతోని కాదు. నీ తల్లి ఈడుదాన్ని, నువ్వు అనే అంట.

వానకాలం నీలినాలుక రోగమొస్తె బయటి గొర్లు పడి సస్తయి. మా నల్ల గొర్లు మూతి వాచినా మళ్ల లేస్తయి. ఎందుకు లేస్తయో చూస్తనని నా మనుమరాలు రెండు వానకాలాలు గొంగడి కప్పుకొని మంద ఎంబడి తిరిగింది. నువ్వు ఒక్కనాడన్న కారు దిగినవా? మనుషుల్ని తోలి, మా దొడ్డికాడ నెత్తురు తీయించి, ఐసుల పెట్టి సముద్రం అవతలికి పంపినవు.

ఎందుకు పంపినవు? మీ కాలేజిల నెత్తురు చూసే మిషన్ లేదా? ఉంది. రిబ్బను కత్తిరించినవు, దండేసి ఫోటో దిగినవు, అర్రల పెట్టి తాళమేసినవు. నడిపెటోళ్లు లేరంటివి. పిల్ల హైదరాబాద్‌ల కిరాయి అర్రల ఉండి ఆ పని నేర్చుకొనొచ్చింది. తాళంచెవి అడిగితె, ఖరాబైతె ఎవరు జిమ్మేదారి అన్నవట. ముసుగేసి పెడితె బాగైతదా? మన గొర్ల సంగతి మనకు చెప్పనీకి అవతలి దేశపోళ్లే కావాల్నంటె గా కాలేజి ఎందుకు, గందుల నీ కుర్చీ ఎందుకు?

అవతలోళ్లు గీ నెత్తురుల రోగాన్ని ఆపే బలమేం లేదని రాసిండ్రట. గంతే, పిల్లను అందరి ముంగట నిలబెట్టినవు. గొర్లు కాసేటోళ్ల పిల్లవు, ఇంట్లోళ్ల గప్పాలు మోసుకొచ్చినవు అన్నవు. సోమారం లోపల, మీ గొర్ల మీద నువ్వు రాసిందంత తప్పని సంతకం పెట్టు, లేకుంటె పేరు కొట్టేస్త అన్నవు. ఇక్కడ్నే మళ్ల చూద్దాం సారూ, తాళమియ్యుండ్రి అంటె, నాకే చెప్తవా అన్నవట.

ఇంటికొచ్చి అన్నం ముట్టలే. పుస్తకాలు గొంగట్ల మూటగట్టి అటక మీద పడేసింది. బట్టల దుకాణంల పనికి పోత అవ్వా అన్నది. ఆ మూట నేనే దించిన.

సంతకం పెట్టది. గొర్లు కాసేటోళ్ల పిల్లనే, అయితేంది? నువ్వు తినే మటన్ ఏడికెల్లి వస్తాంది?

ఇట్లు,
నీ మీద మండుతున్న
సోమమ్మ (ఎడమచేతి బొటనవేలు)

మర్చిపోయి కాదు, కావాల్ననే కిందికి పెట్టిన మాట: నీ మనుషులు వచ్చిననాడు పిల్ల హైదరాబాద్‌ల ఉండె. మేం బీరప్ప పండుగకు మంద నొసట బండారి పెట్టి ఉంటిమి. పసుపు పడ్డంక పండుగ ఎల్లేదాక దొడ్డిల నెత్తురు చుక్క రాలొద్దు. జర ఆగి రాండ్రి బిడ్డా అన్న. సారు తిడ్తడు, ఐసు కరుగుతది, జరుగు ముసల్దానా అన్నరు. జరిగిన. దొడ్డి బయట, మా ఊరి ఐలేశం కోతకు అమ్మనీకి అంగడిల కొన్న వేరే జాతి నల్ల గొర్లు కట్టేసి ఉండె. గివే మావి అని చూపెట్టిన. నెత్తురు నెత్తురే గద, దేనిదైతేంది అనుకున్న. వాటి నెత్తురే గుంజుకొని పోయిండ్రు.

అవతలోళ్లు అబద్ధం చెప్పలే. నా పిల్ల గూడ చెప్పలే. అబద్ధం నాది, తొందర నీది. ముందే చెప్తె ఏం పోతుండె అవ్వా అని పొద్దున అది నన్ను మస్తు తిట్టింది. తిట్టి, అన్నం తిన్నది. అవతలోళ్లకు నిజం తనే రాస్తదట. సోమారం దాక ఆగుమన్న, సారే రాస్తడేమో అని.

పండుగ ఎల్లింది. దొడ్డి తలుపు తీసే ఉంది. నీ అర్ర తాళం తియ్యి.