మూడో ప్రశ్న

మార్చి 1, శుక్రవారం

ఇంటి కోడలు మామగారి పేరు పలకడం తప్పేనా?

ఇరవై రెండేళ్లుగా ఇదే అడుగుతున్నాను, నన్ను నేనే. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన పదమూడో రోజున, అందరూ టీకి కూర్చున్నప్పుడు, నేను ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. మర్యాదగానే, చివర గారు చేర్చి. మా కిర్గిజ్ ఇళ్లలో కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో అనదు. ఆ సంగతి తెలియక కాదు, తెలిసే అన్నాను. బిష్కెక్‌లో అయిదేళ్లు చదివి వచ్చిన కొత్త. పేరున్నది పిలవడానికే అని నమ్మకం.

ఆయన టీ గిన్నె పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అత్తగారు నన్ను పేరుతో పిలవడం మానేసింది. టీచరు అంటుంది. మామగారు పోయి తొమ్మిదేళ్లయింది. ఆవిడకు నేను ఇంకా టీచరునే.

మంగళవారం కొత్త క్లాసు మొదలు.

మార్చి 5, మంగళవారం

లైబ్రరీ వెనక గది. పన్నెండు మంది ఆడవాళ్లు, కోచ్కోర్ చుట్టుపక్కల పల్లెల నుంచి. అందరిదీ ఒకటే అవసరం. ఏప్రిల్ చివర అతిథి ఇళ్ల సంఘం వాళ్లు ఇంటికే వచ్చి ఇంగ్లిష్ టెస్ట్ పెడతారు. పాసైతే ఆ ఇల్లు లిస్టుకెక్కుతుంది, ఎండాకాలంలో సరస్సుకి వెళ్లే టూరిస్టులు అక్కడ దిగుతారు. తప్పితే మళ్లీ రెండేళ్లు ఆగాలి. అయిదు ప్రశ్నలు, ముందే ఇచ్చేశారు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఈ ఇల్లు ఎవరు కట్టారు, ఆయన పేరేమిటి, ఏం వండుతారు, సరస్సు ఎంత దూరం. ఒక్కదానికి నోరు మెదపకపోయినా ఫెయిలే.

పుస్తకం తీస్తే వీళ్లకు ఆవలింతలు. తివాచీలు కుట్టే చేతులు కదా, అందుకని ఉన్ని ముక్కలు కత్తిరించి తీసుకెళ్లాను. ఎరుపు అంటే పని చేసే మనిషి. నీలం అంటే పని. పసుపు మిగతాది. మనం మనిషిని మింగేసి ఉత్తినే ‘వచ్చాను’ అంటే చాలు, ఇంగ్లిష్‌లో చెల్లదు, ఎర్ర ముక్క ముందు పడాల్సిందే అన్నాను. సోనున్ అక్కకి యాభై ఎనిమిదేళ్లు, నోరు పెద్దది. అంటే అక్కడ కూడా మొగాడికే ముందు పీట వేస్తారన్నమాట, దీనికి ఇంగ్లిష్ ఎందుకమ్మా, మా ఇంట్లో రోజూ చూస్తున్నదేగా అంది. గదంతా నవ్వు.

ఆవిడ తోడికోడలు బత్మా నవ్వలేదు. ఎర్ర ముక్కని వేలితో రుద్ది, ఎక్కడ అద్దించారు టీచరమ్మా, రంగు దిగుతోంది, మిమ్మల్ని మోసం చేశారు అంది.

మార్చి 12, మంగళవారం

బత్మా అందరికంటే ముందుంది. యాభై ఒక్క ఏళ్ల మనిషి. బడిలో ఎనిమిదేళ్లు జర్మన్ చదివిందట. యుద్ధం సినిమాల పుణ్యమా అని ‘చేతులు పైకెత్తు’ ఒక్కటే గుర్తుందట. ఇంటికొచ్చిన అతిథితో ఆ మాట అనలేం కదా అంది. తివాచీ మీద కొమ్ముల ముగ్గు ఎలా కుదురుస్తుందో వాక్యాన్నీ అలాగే కుదురుస్తోంది. ఒక ముక్క వంకరపడితే తనే విప్పేస్తోంది, నేను చెప్పక్కర్లేదు.

ఇవాళ నామీద నాకు ఇష్టంగా ఉంది. తరచూ జరిగే పని కాదు.

మార్చి 15, శుక్రవారం

అయిదు ప్రశ్నలకీ జవాబులు రాయించాను. పన్నెండు కాగితాలు. పదకొండింట్లో మూడోది ఖాళీ. ఎర్ర సిరాతో పదకొండు ఇంటూలు కొట్టాను. మేరిమ్ ఒక్కతే రాసింది. పెళ్లయి ఏడాది కాలేదు. తీరా చూస్తే రాసింది వాళ్ల సొంత నాన్న పేరు. మీ ఇల్లు కట్టింది ఆయనా అంటే, కాదు మేడమ్, పలకడానికి సుఖంగా ఉందని రాశాను అంది.

ఇంత తేలిక వాక్యం అందరూ ఒకేచోట ఎందుకు వదిలేశారని గట్టిగానే అడిగాను. చివరికి సోనున్ అక్క, కాగితం మీదయితే రాసేద్దుమేమో, నువ్వు తర్వాత పైకి చదివిస్తావుగా, నువ్వు కిర్గిజ్ ఆడదానివి కావా టీచరమ్మా, చంద్రుడి మీంచి దిగావా అంది.

ఇంటికొచ్చి ఆ ఇంటూలు చూస్తూ కూర్చున్నాను. మూడో ప్రశ్న చదివిన క్షణంలో నాకే తట్టాలి. తట్టలేదు. ఎప్పుడో దాటేసిన గడప కదా, కాలికి తగల్లేదు.

మార్చి 19, మంగళవారం

జంతువుల బొమ్మలు తీసుకెళ్లాను. గొర్రెపిల్ల బొమ్మ ఎత్తి లాంబ్ అన్నాను. అందరూ లాంబ్ అన్నారు. బత్మా ఆపలేదు. లాంబ్, లాంబ్ అంటూ కిటికీ వైపు తిరిగి ఇంకోసారి అంది. ఆవిడ మామగారి పేరు కోజుబెక్. మా మాటలో కోజు అంటే గొర్రెపిల్లే. పేరులో ఉన్న మాట కూడా కోడలు అనకూడదు. అందుకని పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ గొర్రెపిల్లని ‘మే అనేది’ అంటుంది. ముప్పై ఒక్క ఏళ్లకి దాన్ని దాని పేరుతో పిలిచాను టీచరమ్మా అంది. మొహం కడుక్కుని వచ్చినట్టుంది.

సోనున్ అక్క, చూసుకో, దేవుడికి ఇంగ్లిష్ రాదని ఎవరు చెప్పారు నీకు అంది. బత్మా తడుముకోలేదు. వచ్చే ఉంటుందిలే అక్కా, కానీ మామగారికి రాదుగా అంది.

మార్చి 22, శుక్రవారం

నిన్న నౌరోజ్ పండుగ. బత్మా కుండతో సుమోలోక్, గోధుమ మొలకల పాయసం, పంపింది, అత్తగారు మూడు గిన్నెలు తిని, ఎవరు చేశారు టీచరూ అని అడిగింది.

మార్చి 29, శుక్రవారం

క్లాసయ్యాక బత్మాని ఆపాను. అయిదింట్లో నాలుగు తడుముకోకుండా చెబుతోంది. మూడోది రాగానే పెదవులు బిగుసుకుంటాయి. ఒక్కసారి చెప్పెయ్యండి, ఆకాశం ఊడిపడదు, నేను చెప్పి చూసినదాన్నే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆవిడ బొగ్గుల పొయ్యి పక్కన కూర్చుని చెప్పింది. పెళ్లయిన రెండో ఏడు, జనవరి. మొదటి కాన్పు అడ్డం తిరిగింది. భర్త ఊళ్లో లేడు. బండ్లు రాని మంచు. మామగారు ఆవిడని గుర్రమెక్కించి, కోటు విప్పి కప్పి, కళ్లెం పట్టుకుని ఆసుపత్రి దాకా నడిచాడు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాటింది. దారంతా వెనక్కి తిరిగి చూడలేదట. కోడలు ఏడుస్తుంటే చూడకూడదని. మంచుకి ఆయన రెండు కాలివేళ్లు పోయాయి. బిడ్డ బతికింది, ఆవిడా బతికింది.

ఆయనకి నేనేం ఇవ్వగలను టీచరమ్మా, ఆయనకి అన్నీ ఉండేవి, ఇదొక్కటే ఇచ్చాను, ఆయన పేరు నా నోట్లో అరగనివ్వలేదు, పోయాక కూడా ఇస్తూనే ఉన్నాను అంది. తర్వాత, లిస్టులో పడకపోతే ఇల్లు అమ్మాలంటున్నాడు మా ఆయన, బిష్కెక్ పోదామంటున్నాడు, మామగారు కట్టిన ఇల్లు అది అంది.

అంటే పేరు చెబితే ఆయనకిచ్చింది పోతుంది. చెప్పకపోతే ఆయన ఇల్లు పోతుంది. నా దగ్గరున్నవి ఉన్ని ముక్కలు.

ఏప్రిల్ 2, మంగళవారం

సంఘానికి ఫోన్ చేశాను. ఒక్క ప్రశ్న మార్చమన్నాను. మేడమ్, జిల్లా అంతటికీ అచ్చయిపోయాయి, అయినా పేరు చెప్పడానికి ఏం కష్టం అంది ఆ అమ్మాయి. గొంతు వింటే ఇరవై రెండేళ్ల కిందటి నేనే.

ఏప్రిల్ 9, మంగళవారం

బత్మా ప్రయత్నించింది. కళ్లు మూసుకుని ‘కో’ దాకా వచ్చింది. దగ్గు తెర వచ్చింది. మేరిమ్ నీళ్లిచ్చింది. ఎవరూ నవ్వలేదు, సోనున్ అక్క కూడా.

ఏప్రిల్ 16, మంగళవారం

రెండు క్లాసులుగా రావడం లేదు. గొర్రెలు ఈనుతున్నాయి, తీరిక లేదు అని సోనున్ అక్క అబద్ధం చెప్పింది. ఈవిడకి అబద్ధం కూడా గట్టిగా చెప్పడమే వచ్చు.

నేనే తరిమేశానా? వ్యాకరణం చెప్పమంటే గుండెలో చెయ్యి పెట్టానా?

ఏప్రిల్ 19, శుక్రవారం

వచ్చింది. ఆఖరి క్లాసు. వెనక బెంచీ మీద కూర్చుంది. చివర్లో దగ్గరికొచ్చి, జరిగిపోయిన పని చెప్పాలంటే నీలం ముక్క మారాలి కదా, నడవడం ఎలా మారుతుంది, కూర్చోవడం ఎలా మారుతుంది అని అడిగింది. చెప్పాను. అరచేతిలో రాసుకుంది. మంచుని ఏమంటారు అంది. అదీ చెప్పాను. ఎందుకని అడగలేదు. ఈసారికి నోరు అదుపులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 26, శుక్రవారం, సాయంత్రం 5

వరసగా రాయాలి, లేకపోతే నేనే ఏదో కలిపేస్తాను.

సంఘం నుంచి ఐర్లండ్ ముసలాయన వచ్చాడు, స్వచ్ఛందంగా పనిచేస్తున్నాడట. ఇంగ్లిష్ తప్ప మాకొచ్చిన ఏ భాషా ఆయనకు రాదు. నేను గదిలో ఉండొచ్చు, నోరు విప్పకూడదు.

ముందు సోనున్ అక్క ఇల్లు. అది ఆవిడ భర్త కట్టిందే, ఆ పేరూ ఆవిడ పలకదు. ఆయన పేరేమిటి అని అడిగాడు. సోనున్ అక్క ఛాతీ విరుచుకుని, హిజ్ నేమ్ ఈజ్ మిస్టర్ అంది. ముసలాయన రాసుకున్నాడు. భర్త గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నిన్నటిదాకా ఒరేయ్ అనకపోవడమే నాకు గొప్ప, ఇవాళ మిస్టర్‌నయ్యాను అన్నాడు.

తర్వాత బత్మా ఇల్లు. నీలం కిటికీలు. వాకిట్లో పదిహేను గొర్రెపిల్లలు. రొట్టె, మీగడ, జామ్ పెట్టింది. మొదటి ప్రశ్న బాగా చెప్పింది. రెండోది, ఈ ఇల్లు ఎవరు కట్టారు? నా భర్త తండ్రి కట్టాడు, అంది. ఎర్ర ముక్క దాని చోట్లోనే ఉంది. ఆయన పేరేమిటి?

నా చేతిలో టీ చల్లారిపోయింది. బయట ఒక పిల్ల మే అంది. ముసలాయన కలం ఎత్తి, ఇంకోసారి అడిగాడు, మెల్లగా, చెవిటివాళ్లని అడిగినట్టు.

బత్మా లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది, పెద్దల ముందు నిలబడ్డట్టు. ఐ డోంట్ సే హిజ్ నేమ్, అంది. ఆగింది. అరచేతిలోకి చూడలేదు. స్నో. ఐ వాజ్ సిక్. ఐ సాట్ ఆన్ ది హార్స్. హీ వాక్డ్. మళ్లీ ఆగింది. హీ వాక్డ్, హీ వాక్డ్. సో ఐ డోంట్ సే.

ముసలాయన కలం పెట్టేశాడు. కళ్లజోడు తీశాడు. తర్వాత, ఏం వండుతారు అని నాలుగో ప్రశ్న అడిగాడు. లాంబ్, అంది బత్మా.

మే 3, శుక్రవారం

లిస్టు వచ్చింది. పన్నెండు ఇళ్లలో తొమ్మిది. బత్మా ఇల్లు ఉంది. మూడో ప్రశ్న ఎదురుగా మార్కు లేదు, ‘జవాబు చెప్పింది’ అని మాత్రం ఉంది. సోనున్ అక్క ఇల్లూ ఉంది. మిస్టర్ ఇల్లు అనే అచ్చేశారు. ఇక ఆయనకి ఈ జన్మకి ఇదే పేరు అని మేరిమ్ పడీపడీ నవ్వింది.

బత్మా నాకు చిన్న ఆసనం కుట్టి తెచ్చింది. ఎరుపు, నీలం. ఈ ఎరుపు దిగదు టీచరమ్మా, నేనే అద్దాను అంది.

ఆ రోజు ముసలాయనకి ఆవిడ చెప్పింది నేనివ్వని వాక్యం. ముక్కలు మాత్రమే నావి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత బాగా చదువు చెప్పిన గుర్తు లేదు. ఇందులో అనుమానపడదలచుకోలేదు.

మే 4, శనివారం

అత్తగారికి అంతా చెప్పాను. ఎనభై రెండేళ్లు, చెవులు చురుకే. విని కత్తితో ఆపిల్ చెక్కుతూ కూర్చుంది. నువ్వు పిలిచిన రోజున మీ మామగారు బయటికెళ్లి ఏం చేశాడో తెలుసా టీచరూ అంది. తెలియదన్నాను. నవ్వాడు, అంది. కంచె దగ్గర నిలబడి నవ్వాడట. మా అమ్మ పోయాక ఈ ఇంట్లో నన్ను పేరుతో పిలిచిన గొంతు లేదు, ఈ పిల్ల పిలిచింది అన్నాడట.

మరి మీకెందుకు కోపం వచ్చిందని అడిగాను. నలభై ఏళ్లు నోరు కట్టుకున్నది నేను, ఆయన్ని నవ్వించింది నువ్వు, రాదా మరి అంది. ఆపిల్ ముక్క నా చేతిలో పెట్టింది. తిను జిపారా, అంది.

మే 5, ఆదివారం

ఈ నోటుబుక్కు మొదటి నుంచీ తిరగేశాను. బత్మా మామగారి పేరుంది. మా మామగారి పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు రాద్దామని కూర్చున్నాను. మొదటి అక్షరం రాసి కొట్టేశాను.

ఆయన నవ్వాడని తెలిశాక కూడా రాయలేకపోతున్నాను. ఇది మర్యాదో, మరొకటో తేల్చుకోలేకపోతున్నాను.