జీవరత్నమ్మ ఇంటికి మిషన్ రంగు

నంద్యాల,
జూన్ 1983

జీవరత్నం అక్కకు, రంగుల కొట్టు తమ్ముడు చేతులు జోడించి రాసేది.

శనివారం పెద్ద పాస్టరుగారు నీ ఇంటికి ప్రార్థనకు వస్తున్నారని, పాచి పట్టిన బయటి గోడలు చూసి నీకు నిద్ర పట్టడం లేదని రాశావు. దిగులుపడకు. రంగు చిమ్మే మిషన్ కొన్నాను. బ్రష్షుతో వారం పట్టే పని దీనితో ఒక్క పూట. బుధవారం పుల్లయ్యను మిషన్‌తో పంపుతున్నాను.

నీ తమ్ముడు,
సంజీవయ్య

తా.క. పుల్లయ్య నెమ్మదస్తుడు. నువ్వు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశావన్న సంగతి అతని ముందు కాస్త మరిచిపో.

ఆళ్లగడ్డ,
బుధవారం

సంజీవయ్యకు, ఇంకా నీ కోసం ప్రార్థించే ఓపిక మిగిలిన అక్క రాసేది.

మిషన్ ఏదిరా? ఎద్దులబండి మీద దింపుతారేమోనని పొద్దుటినుంచీ వీధిలోనే తిరుగుతున్నాను. వచ్చింది మలేరియా మందు కొట్టేవాడు. వీపున డబ్బా, చేతిలో గొట్టం, మూతికి గుడ్డ. "బయటి గోడలు యాడుండాయమ్మా?" అంటాడు. "దోమలు లోపలుంటే బయటేం పనప్పా? పో, వంటింట్లో కొట్టు!" అన్నాను. ఏదో చెప్పబోయాడు. గదిమి, మంచాల కింద, గొడ్ల కొట్టంలో కూడా కొట్టించాను. నల్లులున్నాయని పక్కింటి లింగమ్మ కూడా లాక్కుపోయింది.

రంగు సంగతి చూడు. నాకు కాలు నిలవడం లేదు.

అక్క,
జీవరత్నం

తా.క. ఈసారి మందు నీలంగా ఉంది. ప్రభుత్వం మారింది కదా, మందూ మార్చినట్టున్నారు. పాలిచ్చే ఎనుము కూడా నీలమైంది.

నంద్యాల,
గురువారం

అక్కకు, తల పట్టుకుని కూర్చున్న తమ్ముడు రాసేది.

కొంప ముంచావు! అతనే పుల్లయ్య. ఆ డబ్బానే మిషన్. అది రంగు! "ఆయమ్మ ముందర నాకు నోరు లేస్తే గదన్నా!" అని వచ్చి కూలబడ్డాడు. శనివారం పొద్దున మళ్లీ పంపుతున్నాను. వీపున డబ్బా ఉన్న మనిషి కనబడితే నోరు తెరవకు. బయటి గోడలు వేలితో చూపించు, చాలు.

ఆత్రంతో,
సంజీవయ్య

తా.క. అది నీళ్లలో కలిపే రంగే, ఎనుమును కడుగు. లింగమ్మకు మాత్రం నల్లులు చచ్చాయనే చెప్పు.

ఆళ్లగడ్డ,
ఆదివారం

తమ్ముడికి, నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్న అక్క రాసేది.

శనివారం పొద్దున్నే వీపున డబ్బాతో మనిషి వచ్చాడు. "లోపలికి పోవల్ల, జరుగమ్మా" అన్నాడు. గడపకు అడ్డం నిలబడి బయటి గోడలు చూపించాను. "నా డ్యూటీ లోపలమ్మా!" అని మొత్తుకున్నాడు. మళ్లీ వేలు చూపించాను. "పాపం, ఈయమ్మకు మాటల్లేవు" అని జాలిపడి, నాలుగు వైపులా కొట్టి పోయాడు. ముక్కు పగిలే వాసన. ఆరాక చూస్తే పాచి మీద తెల్లటి చారలు.

సాయంత్రం, దారిలో బస్సు చెడిపోయి ఆలస్యమైన పుల్లయ్య గేటు దగ్గర దిగాడు. వెనకే పాస్టరుగారి జీపు. పొద్దున వచ్చినవాడు అసలు మలేరియా మనిషని అప్పుడర్థమైంది.

పాస్టరుగారు ఆ చారల గోడ పక్కనే కుర్చీ వేయించుకుని తీరిగ్గా ప్రార్థన చేశారు. లేచి, "ఏమ్మా, ఒక్క దోమన్నా కుట్టలేదే! మా బంగళాలో కండ్లు మూసుకునేదానికే లేదు. ఇదేం రంగు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే, నీలం రంగు సంగతి నా దగ్గర విన్న లింగమ్మ అందుకుంది: "ఆయమ్మ తమ్ముడిది మిషన్ రంగు సామీ! మా ఇంట్లో నల్లులు గూడా సచ్చినాయి."

బంగళాతో పాటు చర్చిలన్నిటికీ అదే వేయించాలని మంగళవారం నీ కొట్టుకు వస్తున్నారు.

దీవెనలతో,
జీవరత్నం

తా.క. ఆయనకు గులాబీ రంగులో కావాలట.