కుక్కకు వినబడే గంట

ఏప్రిల్ 9

నాకు అక్షరాలు రావు. నేను చెబుతున్నాను, నా కూతురు డెల్ఫీన్ రాస్తోంది. తన గురించి చెడ్డగా చెప్పినా రాయాల్సిందే అన్నాను. మూతి ముడుచుకుంది. అదీ రాయమన్నాను.

నిన్న పొద్దున పెరట్లో పడిపోయాను. షుగర్ బాగా దిగిపోయిందట. చేతికి సెన్సర్ అంటించి ఉంది, జేబులో మిషన్ ఉంది. దిగితే అదే కూస్తుందని చెప్పే ఇచ్చారు క్లినిక్‌లో. నాకు కూత వినబడలేదు. మా కుక్క మొరుగుడే వినబడింది. ఎగిరెగిరి మొరుగుతోంది. దానికి పిచ్చెక్కిందని డెల్ఫీన్ కట్టేసి వచ్చేసరికి నేను మట్టిలో ఉన్నాను.

నర్స్ రొయానా నా తమ్ముడి కూతురే. జ్యూస్ తాగించి మరీ చెప్పింది: అత్తా, ఈ వేసవి నువ్వు పళ్ళ క్యాంపుకి వెళ్ళడానికి వీల్లేదు, ఎడారిలో పడిపోతే నిన్నెవరు మోసుకొస్తారు అని.

నడక వచ్చిన దగ్గర్నుంచి ఏ ఏడూ మానలేదు. సాగువారో జెముళ్ళు పండితే పొడుగాటి గెడతో పళ్ళు రాల్చేది నేను. మొదటి పండు చీల్చి, ఎర్రటి లోపలివైపు ఆకాశానికి చూపిస్తూ నేలమీద పెట్టి, మా ఓధమ్ తెగవాళ్ళందరి తరఫునా వానను పిలిచేది నేను.

వీల్లేదట.

ఏప్రిల్ 11, మధ్యాహ్నం

కుక్కకు పిచ్చి లేదు!

డెల్ఫీన్ మిషన్ మోగించి చూసింది. కుక్క లేచి మొరిగింది. వినబడుతోంది కదమ్మా అంది డెల్ఫీన్. ఏదీ అన్నాను. చెవి దగ్గర పెట్టింది. ఏదీ? పక్కింటివాళ్ళు నా గురించి గొణుక్కుంటే వినబడే చెవులివి. ఆ సన్నటి కూతే అందదు. పెద్దవయసులో ముందు పోయేది సన్నటి చప్పుళ్ళేనని రొయానా ఒప్పుకుంది.

మరి మిషన్ చేసినవాళ్ళకు ముసలి అమ్మలు లేరా?

ఏప్రిల్ 24

ఆ కంపెనీవాళ్ళే క్లినిక్‌కి వచ్చారు. ఏం మార్పులు కావాలో చెప్పండని కాగితాలు పంచారు. సున్నాలు దిద్దాలట. నేను కాగితం మడిచి విసురుకున్నాను.

మా పిన్ని కొడుకు సిప్రియానో, సెన్సర్ మీద చెమటకు ఊడని ప్లాస్టర్ కావాలన్నాడు. పక్కింటి వెర్నా, అరిజోనా ఎండకు పాడవని ఇన్సులిన్ కావాలంది, ట్రక్కులో పెడితే ఉడికిపోతోందని. న్యాయమే. తర్వాత నేను లేచి, కుక్కను లోపలికి తెమ్మన్నాను. అత్తా, ఇది క్లినిక్ అంది రొయానా. అది నా సాక్షి అన్నాను.

మిషన్ మోగించమన్నాను. విన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాను. నర్సులు ఎత్తారు. మా ముసలివాళ్ళలో ఒక్క చెయ్యి లేవలేదు. కుక్క మాత్రం గోడలు అదిరేలా మొరిగింది.

బాబూ, షుగర్ మాకా, కుక్కకా అని అడిగాను.

కంపెనీ ఆయన నవ్వబోయి మానేశాడు. మరి ఎలాంటి చప్పుడు కావాలమ్మా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే సిప్రియానో అందుకున్నాడు: మా యులాలియా అక్క గొంతు పెట్టండి సార్, చచ్చినవాడైనా లేచి తింటాడు అని. అందరూ పగలబడి నవ్వారు.

నేను నవ్వలేదు. పెట్టండి అన్నాను.

ఏప్రిల్ 25

గొంతు నొప్పి. ఫోన్‌లోకి అరిపించారు, మళ్ళీ మళ్ళీ.

మే 30

పరీక్షకని మా అందరికీ చిన్న డబ్బాలు పంపారు. నడుముకు తగిలించుకోవాలి. షుగర్ దిగితే నా గొంతే: లే! ఏదన్నా నోట్లో వేసుకో! పని ఎక్కడికీ పోదు!

చిన్నప్పట్నుంచీ వింటున్నది చాలదా, ఇప్పుడు డబ్బాలోంచి కూడానా అని డెల్ఫీన్ ఏడుపు.

ఇవాళ రొయానా కళ్ళముందే డబ్బా అరిచింది. బట్టలు ఆరేస్తున్న నేను అక్కడే కూర్చుని తిన్నాను. రొయానా మిషన్‌లో అంకె పెరిగేదాకా చూసింది. చివరికి, వెళ్ళు అత్తా, కానీ డెల్ఫీన్ నీ వెంటే ఉండాలి అంది.

ఉండనీ. గెడ మోస్తుంది.

జూన్ 27, క్యాంపు

మొదటి పండు నేనే రాల్చాను. నేనే చీల్చి పెట్టాను, ఎరుపు ఆకాశానికి.

రెండో జెముడు దగ్గర గెడ ఎత్తి ఉండగా నడుము దగ్గర ఎవరో ముసలిది కేకేసింది. పుట్టి బుద్ధెరిగి ఒకరి మాట విన్నదాన్ని కాదు. దీని మాట విన్నాను. కూర్చుని, చేతిలో పండే తిన్నాను. తల తేలికపడ్డాక లేచి మళ్ళీ గెడ పట్టాను. బుట్టలన్నీ నింపాం.

సాయంత్రానికి ప్లాస్టర్ ఊడింది. కంపెనీవాళ్ళూ, సిప్రియానో చెప్పిందీ చెయ్యండి. లేకపోతే మళ్ళీ వస్తాను, కుక్కతో.

జూలై 8

వాన. వెర్నా ఇంట్లోంచి, ఆమె డబ్బాలో, నేను అరుస్తున్నాను, లేచి తినమని. ఇక్కడ నేను నోరు మూసుకుని తడుస్తున్నాను.