బేరి కొమ్మలు వంచిన రోజు

పుత్తూరు,
డిసెంబరు 1979

చెల్లీ వసంతా,

ఈ నెలాఖరున చిత్తూరుకు వచ్చి మీ ఇంట్లోనే ఉండిపోదామనుకుంటున్నాను. మీ బావ తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడరు, అంతే. బస్సు దిగుతూ పడి కుడిచెయ్యి విరిగింది కదా, ఎముక అతుక్కుంది గానీ వేళ్లు వంగవు. కత్తెర పట్టలేక టైలరు షాపు మూసేశారు. అన్నం కలిపి పెట్టబోతే కంచం పక్కకు లాక్కుంటారు. చొక్కాకు గుండీలు పెట్టబోతే లేచి వెళ్లిపోతారు. నేను ఇంట్లో ఉన్నానో లేదో కూడా ఆయనకు పట్టదు.

పట్టేదల్లా పెరట్లోని రెండు బేరి పండ్ల చెట్లు. బెంగళూరు నుంచి తెచ్చిన అంటుమొక్కలు. కత్తిరిస్తూ కత్తిరిస్తూ నా భుజం దాటకుండా పెంచారు. మన ఎండలకు ఇంతవరకు ఒక్క పువ్వూ పూయలేదు. నిన్న ఎడమచేత్తో వాటి ఆకులన్నీ దూసేసి, నీళ్లు పోయొద్దన్నారు. పచ్చటి చెట్లను మోడు చేస్తుంటే చూడలేకపోయాను. ఇక ఈ ఇంట్లో ఉండలేననిపించింది.

మీ అక్క,
జ్ఞానాంబ


పుత్తూరు,
జూలై 1980

వసంతా,

ఎందుకు రాలేదో అప్పుడు రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

బయలుదేరాల్సిన రోజు పెట్టె సర్దుకుని, చెప్పి వెళదామని పెరట్లోకి పోయాను. ఆయన ఒక కొమ్మను వంచి, తాడు కొసను పళ్లతో పట్టుకుని ముడి వేయబోతున్నారు. కొమ్మ జారి చెంపకు కొట్టింది. మళ్లీ వంచారు, మళ్లీ జారింది. నేను కదల్లేదు. మూడోసారీ జారాక, నావైపు చూడకుండానే అన్నారు.

“జ్ఞానా, ఈ ముడి నువ్వెయ్యి. నా చేత గాదు.”

చెయ్యి విరిగాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ముడి వేస్తూ అడిగాను. “ఆకులెందుకు దూసేసినారు?”

“ఈడ చలి చాలదు. చెట్టుకు నిద్ర పట్టదు, మనమే నిద్రపుచ్చల్ల. కొమ్మ నిటారుగా పోతే అంతా ఆకే. వంచి కడితే పూత పడతాది.” ఇంకో కొమ్మ వంచుతూ, “పెట్టె సర్దినావు గదా, సూసినాను. ఇవి కట్టేసి పోదువులే,” అన్నారు.

కట్టేసరికి చీకటి పడింది. చిత్తూరు బస్సు వెళ్లిపోయింది. ఆ పూట అన్నం నేనే కలిపి పెట్టాను. ఆయన కంచం లాక్కోలేదు.

మాఘంలో నీళ్లు పెట్టాం. మోడు కొమ్మల నిండా తెల్లటి పూత వచ్చింది. రాలగా రాలగా ఐదు కాయలు నిలిచాయి. నిన్న ఒకటి కోసి ఆయన కొరికారు.

“ఎట్లుండాది?” అన్నాను.

“ఇసక నమిలినట్టుండాది. నువ్వూ తిను.”

తిన్నాను. నిజంగానే గరగరలాడింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఆదివారం మేమిద్దరం మీ ఇంటికి వస్తున్నాం. భోంచేసి సాయంత్రమే తిరిగి వచ్చేస్తాం.

నీ అక్క,
జ్ఞానాంబ