తలుపు తీసేసిన వడ్రంగి

నాన్నకి,

నీ చిన్నది ప్రేమతో నమస్కరించి రాస్తోంది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, అమ్మా, నీ రంపాలూ కులాసా అని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నేను జూదం ఆడటం లేదు. "రోజూ పాచికలు వేస్తున్నాం" అని రాయడం నా బుద్ధితక్కువ. అది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ నాన్నా. తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తామో చెబుతాం. అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. ఇక ఫొటోలో ఇత్తడి బొత్తాల కోటు చూసి, సైన్యంలో చేరానని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకోనక్కర్లేదు. మా సంఘంవాళ్లం పాత యుద్ధాలను ఆ కాలపు బట్టల్లో మళ్లీ ఆడి చూపిస్తాం. కొత్తదాన్ని కదా, నాకెప్పుడూ శవం వేషమే.

శవానికి పనేముంది? గడ్డిలో పడుకుని ఆలోచించడమే. ఆ యుద్ధాల్లో కోటగోడ లోపల రొట్టెలు కాల్చేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, నీలాంటివాళ్లు ఏమయ్యారు? అలా పుట్టింది నా ఆట. శత్రువులు చుట్టుముట్టిన ఊరు, లోపల నలుగురు పనివాళ్లు. ఒక్కరైనా ప్రాణాలతో నది దాటాలి.

ఇప్పుడు, మూడు ఉత్తరాలుగా దాచిన మాట. చివరి పరీక్షకి వ్యాసం బదులు ఈ ఆటే ఇచ్చాను. "కొత్తవాళ్లు నీ సాయం లేకుండా ఆడి గెలవాలి. లేదంటే ఏడాది మళ్లీ చదవాలి" అన్నారు మా చరిత్ర మాస్టారు. స్నేహితులు పదకొండుసార్లు ఆడారు. పదకొండుసార్లూ వడ్రంగి నది వైపు తలుపు తెరిచాడు, బాణం తగిలి చచ్చాడు. నాకు తిండి సయించలేదు.

నిన్న పరీక్ష. పాత్రల చీటీలు పంచితే, వడ్రంగి చీటీ మా సంఘంలోని బస్సు డ్రైవరు బాబాయికి వచ్చింది. దాని మీద నేను రాసింది: "నది వైపు తలుపు తీసేయాలి."

"తీసేశా," అన్నాడు బాబాయి.

"తెరిచారా?" అన్నారు మాస్టారు.

"తెరవడమేంటండీ! తీసేయమని రాసుందిగా. ఉలి, సుత్తి ఉన్నాయి, మడతబందులు ఊడగొట్టా. బాణాలకి అడ్డం పెట్టుకుని రేవుదాకా పోతా. అక్కడ్నుంచి దాని మీదే నది దాటతా."

"తలుపు తేలుతుందా?"

అందరూ నా వైపు చూశారు. నేను నోరు విప్పకూడదు. బాబాయే చీటీ తిరగేశాడు. వెనకాల, చిన్నప్పుడు నువ్వు చెప్పిన మాట రాసి ఉంది: "ఎండిన కర్ర మునగదు."

నాలుగు దాటితే బతుకు. పాచిక దొర్లి దొర్లి అయిదు మీద ఆగింది. బాబాయి కుర్చీ ఎక్కి కేకేశాడు. నా పాచిక నిజంగానే పారింది నాన్నా, పాసయ్యాను!

"'తెరవాలి' అని రాయాల్సింది, ఆ తప్పుమాట దిద్దనా?" అని అడిగితే మాస్టారు, "ముట్టుకున్నావంటే మార్కులు కోస్తా" అన్నారు.

నీకు తెలిసిపోయే ఉంటుంది, ఆ వడ్రంగివి నువ్వే. పదకొండుసార్లు చంపినందుకు తిట్టు, పడతాను. పన్నెండోసారి మాత్రం నీ మాటే నన్ను ఒడ్డెక్కించింది.

అన్నట్టు, అడిగావు కదా, నా గది తలుపు ఇంకా కిర్రుమంటూనే ఉంది. వచ్చినప్పుడు చూడు. తీసేయకు, నూనె వెయ్యి చాలు.

ఇట్లు,
శవం వేషం మానబోతున్న
నీ చిన్న కూతురు