నా నాడి ఇంకొకరు చూడాలని బాయిలర్ షాపు లూకా మనవి

ఖరగ్‌పూర్,
నవంబరు 1963

రైల్వే డాక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా నాడి తమరే పరీక్షించి, నన్ను తిరిగి బాయిలర్ షాపు పనికి పంపుట గురించి.

బాయిలర్ షాపు ఫిట్టరునైన లూకా అను నేను, భార్య గతించి చాలా ఏండ్లుగా క్వార్టరులో ఒంటరిగా ఉంటున్నవాడను, మనవి చేసుకొనునది:

1. వానాకాలములో దగ్గు పట్టి డిస్పెన్సరీకి వెళ్లితిని. నర్సు జ్ఞానరత్నం సిస్టరు గారు నా మణికట్టు పట్టుకొని గడియారము చూసిరి. నాడి మెయిలు బండివలె పోవుచున్నదని గుండెజబ్బు అనుమానించి, లైట్ డ్యూటీ రాయించిరి. సమ్మెట పట్టిన చేతితో ఇప్పుడు స్టోర్సులో బోల్టులు అందించుచున్నాను. ఫోర్‌మన్ గారు రోజూ "లూకా, ఠీక్ హై?" అని జాలిగా చూచుచున్నారు.

2. వారం వారం పరీక్షకు రమ్మనిరి. వెళ్లినకొద్దీ నాడి పెరిగినది. బిళ్ళలు ఇచ్చిరి. ఉప్పు మాన్పించిరి. టీ మాన్పించిరి. ఎండుచేప కూడా మానేసినాను గానీ, సిస్టర్ని చూడ్డం మానమని ఎవరూ చెప్పనేదు బాబూ.

3. పోయిన శుక్రవారము సిస్టరు గారు నన్ను కూర్చోబెట్టి అడిగినారు.

"మెట్లెక్కితే ఆయాసమొస్తాదా?"

"రాదమ్మా."

"పడుకుంటే దడుంటాదా?"

"నేదు."

"మరెప్పుడండీ?"

"ఇక్కడికొస్తేనే."

ఆమె పెన్ను కింద పెట్టి, కట్లు కట్టే డ్రెస్సరు తీతుని పిలిచి నా చెయ్యి పట్టించినారు. నాడి బుద్ధిగా నడిచింది. తర్వాత తానే పట్టుకున్నారు. పరుగే పరుగు! తీతు నవ్వు ఆపుకోలేక బయటికి పోయినాడు.

"మీ గుండెకేటీ నేదు. బిళ్ళలు ఆపెయ్యండి. డాక్టరు గారికి చెప్తాను," అన్నారు సిస్టరు. "కానీ ఇంక మీకు నేను వైద్యం చెయ్యను."

నా పైప్రాణం పైనే పోయింది. "తప్పయితే చెప్పండమ్మా, ఇంక రాను," అన్నాను.

"సొంత మనుషుల్ని నేను పరీక్ష చెయ్యకూడదండీ," అని తల వంచుకున్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదయ్యా! సైకిలు తొక్కుకుంటూ మలంచా పేట దాకా పోయినాక అర్థమయింది. సైకిలు అక్కడే వదిలేసి పరుగెత్తుకుంటూ వెనక్కొచ్చినాను. ఆయాసము రాలేదు, ఈ సంగతి వైద్యపరముగా గమనింపవలెను. సైకిలు పోయింది, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

కావున తమరు స్వహస్తములతో నా నాడి చూసి, నన్ను ఫిట్ అని రాయుదురని గంపెడాశతో ఉన్నాను. ఈ సంతోషపు గోడు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లూకా, ఫిట్టరు

తా.క.: పరీక్ష సోమవారం పెట్టకండి బాబూ. ఆదివారం చర్చిలో మా ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరముందా అని అడుగుతారు. ఆ మర్నాడు తమరు పట్టుకున్నా నా నాడి పరుగు ఆగదు.