మందు చేయి

అత్తయ్యా, "కోడలు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే చూస్తూ కూర్చోడానికి నేనేమన్నా రాయినా?" అని పొద్దున కూడా అన్నారు. నాకు రాయే కావాలి. మీ అబ్బాయి నడుము ఆపరేషన్‌కి డాక్టర్లు ఇచ్చిన నల్లమందు జాతి నొప్పి మాత్ర నిన్న నా బార్లీ నీళ్లలో కలిపారు. నొప్పి తగ్గింది. ఎప్పుడో మానుకున్న ఆ మాత్రల యావ మాత్రం మళ్లీ లేచింది. ఈసారి అలవాటైతే నేను బయటపడలేను.

జావ పొయ్యి మీద ఉంది. కిమ్చీ పచ్చడి మీ అందరికీ, నాకు వద్దు. సాయంత్రం నొప్పితోనే ఇంటికి వస్తాను, వేడినీళ్ల సంచీ సిద్ధంగా ఉంచండి. చిన్నప్పుడు మీ అబ్బాయి పొట్ట నిమురుతూ "అమ్మ చేయి మందు చేయి" అని పాడేవారట. నాకూ అలాగే నిమరండి. నేను తిట్టినా చేయి తీయకండి.

హ్యేరాన్

మిగిలిన మాత్రలు మందుల షాపులో ఇచ్చేస్తున్నాను. భోజనాల దగ్గర అందరికీ చెప్పండి, నేను కాళ్లు పట్టుకున్నా సరే, ఇక అవి ఈ ఇంట్లోకి రాకూడదు.